లెస్టర్‌లో ‘సి’ ఎక్కడికి పోయింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ వచ్చి మూడు వారాలైంది. చదువంతా ఇంగ్లిష్ మీడియమే. అయినా నిన్న స్టేషన్‌లో ‘లీసెస్టర్‌కి ఒక టికెట్’ అంటే కౌంటర్‌లో ఆయనకు అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పి, చివరికి ఫోన్‌లో చూపించాను. నా ఇంగ్లిష్ అంత ఘోరమా?

జవాబు 1:
ఘోరం నీ ఇంగ్లిష్ కాదు తమ్ముడూ, ఆ స్పెల్లింగ్. అది లెస్టర్. వార్సెస్టర్ అని కనిపించేది వుస్టర్, గ్రీన్‌విచ్ అని కనిపించేది గ్రెనిచ్. రాసిందల్లా పలకడం మన అలవాటు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కనున్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో పుస్తకాల అచ్చు మొదలుపెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి, నోళ్లు మాత్రం మారుతూనే పోయాయి. గుర్రమెక్కే వీరుణ్ని నైట్ అంటారే, అందులో ‘కె’ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. అప్పుని ‘డెట్’ అంటారే, దాని కథ వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. లాటిన్ ‘డెబిటుమ్’ గుర్తురావాలని 16వ శతాబ్దపు పండితులు ఇరికించారు. అప్పిచ్చినవాడు కూడా దాన్ని పలకడు!

నా చిట్కా: ఊరి పేరు వినగానే తెలుగులో రాసుకో. స్పెల్లింగ్ తర్వాత చూడొచ్చు.

జవాబు 2:
అన్నగారి చిట్కా ఊళ్ల పేర్లకు బాగానే ఉంటుంది కానీ, ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ మన దగ్గర ఉన్నది ఒకటే ‘వ’. బనియన్‌ని వెస్ట్ అంటారు, పడమరనీ వెస్ట్ అంటారు. బనియన్‌కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. పడమరకి పళ్లు తగలకుండా పెదవులు సున్నాలా చుట్టాలి. అద్దం ముందు ఓ పదిసార్లు అనండి, తేడా మీకే కనిపిస్తుంది.

అంతకంటే ముఖ్యం, ఎక్కడ నొక్కి పలుకుతున్నామన్నది. నేను ఏడాదిపాటు మీటింగుల్లో ‘డెవలప్’ అని ‘డె’ మీద నొక్కేదాన్ని. వీళ్లు ‘డి’ని మింగేసి ‘వె’ మీద నొక్కుతారు. ‘ఫొటోగ్రాఫ్’లో ‘ఫొ’ మీద పడే బరువు ‘ఫొటోగ్రాఫర్’కి వచ్చేసరికి ‘టో’ మీదికి జరుగుతుంది.

జవాబు 3:
‘హాఫ్ ఎయిట్’కి రమ్మంటే ఎనిమిదిన్నర. ఏడున్నరకే వెళ్లి చలిలో నిలబడకండి. ‘యూ ఆల్‌రైట్?’ అంటే ఉత్త పలకరింపే. మొదటి వారం ఎవరో అలా అడిగితే నా జ్వరం సంగతి మొత్తం చెప్పుకొచ్చాను. మీటింగ్ లాంటిది అనుకున్నదానికంటే ముందుకు జరపడానికి మనం వాడే ‘ప్రీపోన్’ ఇక్కడ చాలామందికి తెలియదు, ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్. టెన్షన్ తగ్గింది. లెస్టర్, లెస్టర్, లెస్టర్.

జవాబు 1:
ఇంకోటి తమ్ముడూ. వీళ్ల డిక్షనరీలో ‘బాండికూట్’ అని ఉంటుంది చూడు, అది మన పందికొక్కే. వీళ్లకి మాత్రం తిరిగిందా నోరు?