రాత్రివేళ మాత్రమే ఆగిపోతున్న పీఓఈ కెమెరా: లోపం కేబుల్‌లో ఉందా, స్విచ్‌లో ఉందా?

ప్రశ్న

నమస్కారం. ఎనిమిది పోర్టుల పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) స్విచ్ నుంచి ఏడు కెమెరాలకు ఈథర్‌నెట్ కేబుళ్ల ద్వారానే డేటానూ విద్యుత్తునూ అందిస్తున్నాను. ఆరు కెమెరాలు 40 మీటర్ల లోపే ఉన్నాయి. ఏడవ పోర్టుకు కలిపినది మాత్రం దాదాపు 90 మీటర్ల దూరంలో ఉంది. పగలంతా చక్కగా పనిచేసే ఈ ఏడవ కెమెరా, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగిన కొద్దిసేపటికే ఆగిపోతుంది, తనంతట తానే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. తెల్లవారేదాకా ఇదే వరుస. దూరం వల్ల వోల్టేజి పడిపోతోందని భావించి కేబుల్ మార్చాలనుకుంటున్నాను. అది గోడల లోపలి నుంచి వెళ్లిన కేబుల్ కనుక, పగలగొట్టే ముందు మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. స్విచ్‌పై ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు, మొత్తం 60 వాట్లు అని రాసి ఉంది.

మొదటి జవాబు

మీ అనుమానం సబబే కావచ్చు. కేబుల్ చివర కొద్దిగా ఒలిచి, తీగను కత్తితో గీరి చూడండి. ఎరుపు పూత కింద తెల్లని లోహం కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం స్వచ్ఛమైన రాగికంటే బాగా ఎక్కువ. పైగా కనెక్టర్ దగ్గర సులభంగా విరుగుతుంది. పీఓఈకి అటువంటి కేబుల్ వాడనే కూడదు.

రెండవ జవాబు

కేబుల్‌ను పరీక్షించడం మంచిదే కానీ, గోడలు పగలగొట్టే ముందు ఒక లెక్క చూడండి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం 100 మీటర్ల కేబుల్‌ను, అందులో 20 ఓమ్‌ల వరకు నిరోధాన్ని ముందుగానే పరిగణనలోకి తీసుకుంది. స్విచ్ 44 వోల్టుల వద్ద 0.35 ఆంపియర్లు పంపితే 15.4 వాట్లు, దారిలో 7 వోల్టులు పోయినా పరికరానికి 37 వోల్టులు, అంటే 12.95 వాట్లు చేరతాయి. రాత్రి మీ కెమెరా 9 వాట్లు వాడుతుందనుకున్నా, 48 వోల్టుల వద్ద దానికి 0.2 ఆంపియర్ల లోపే కావాలి కాబట్టి, కేబుల్ సరైనదైతే 90 మీటర్లు దానికి భారం కాదు.

నా అనుమానం ఆ 60 వాట్ల మీద ఉంది. ఎనిమిది పోర్టులూ ఒకేసారి 15.4 వాట్ల చొప్పున ఇవ్వాలంటే 123 వాట్లకు పైగా కావాలి. మీ స్విచ్‌లో అందులో సగం కూడా లేదు. కెమెరా ఒక్కొక్కటి పగలు 5, రాత్రి 9 వాట్లు తీసుకుంటే, పగటి మొత్తం 35 వాట్లే కానీ రాత్రి 63 అవుతుంది. పరిమితి దాటగానే స్విచ్ ఒక పోర్టుకు విద్యుత్తు ఆపేస్తుంది, చాలా స్విచ్‌లలో ప్రాధాన్యం సమానంగా ఉంటే వేటు పడేది పెద్ద సంఖ్య గల పోర్టుపైనే. ఆరు కెమెరాలకు 54 వాట్లు పోగా, మొదలవుతున్న కెమెరాకు చాలినంత మిగులుతుంది. అది లేచి దీపాలు వెలిగించగానే పరిమితి మళ్లీ దాటుతుంది. మీరు చెప్పిన వరుస సరిగ్గా ఇలాగే ఉంది.

ఒకటవ, ఏడవ పోర్టుల కేబుళ్లను పరస్పరం మార్చి ఒక రాత్రి గమనించండి. ఆగిపోయేది దగ్గరి కెమెరా అయితే కేబుల్ నిర్దోషి.

ప్రశ్న అడిగినవారు

మార్చి చూశాను. నిన్న రాత్రి దూరపు కెమెరా ఒక్కసారి కూడా ఆగలేదు. దగ్గరిది తెల్లవార్లూ ఆగుతూనే ఉంది. గోడలు దక్కినందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మొత్తం 120 వాట్లు ఇచ్చే స్విచ్ కొనాలనుకుంటున్నాను, కానీ దాని పోర్టులు 802.3ఏటీ రకానివి, ఒక్కోటి 30 వాట్లవి. పాత కెమెరాలు దెబ్బతింటాయా?

రెండవ జవాబు ఇచ్చినవారు

దెబ్బతినవు. 30 వాట్లు అనేది పోర్టు ఇవ్వగల గరిష్ఠం మాత్రమే. కెమెరా తనకు కావలసినంతే తీసుకుంటుంది. పైగా ప్రమాణాన్ని పాటించే పోర్టు మొదట దాదాపు 10 వోల్టులకు మించని స్వల్ప వోల్టేజితో అవతలి పరికరాన్ని పరీక్షించి, దాదాపు 25 కిలోఓమ్‌ల గుర్తింపు నిరోధం కనిపిస్తేనే పూర్తి విద్యుత్తు వదులుతుంది. అందుకే పీఓఈ లేని కంప్యూటర్‌ను ఆ పోర్టుకు కలిపినా ప్రమాదం లేదు.

జాగ్రత్త పడవలసింది పాసివ్ రకం ఇంజెక్టర్ల (స్విచ్‌కూ పరికరానికీ మధ్య కేబుల్‌లోకి విద్యుత్తు చేర్చే చిన్న పెట్టెల) విషయంలో. అవి ఏ పరీక్షా చేయకుండా తీగలోకి నేరుగా విద్యుత్తు పంపుతాయి కనుక, వాటి కోసమే తయారైన పరికరాలకు తప్ప వాడవద్దు. స్విచ్ మార్చేలోపు ఏడవ కెమెరాకు 802.3ఏఎఫ్ ఇంజెక్టర్‌తో విడిగా విద్యుత్తు ఇచ్చి, స్విచ్‌లో ఆ పోర్టుకు పీఓఈ ఆపివేస్తే, మిగిలిన ఆరింటికీ 60 వాట్లు సరిపోతాయి.