మఠం బీరువాలోని పాత కాగితాలు: వరస ఎలా పెట్టాలి, మిగతావి ఎక్కడ వెతకాలి?

గ్రీమ్స్‌పేట లైబ్రేరియన్ (చిత్తూరు)

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక కన్యస్త్రీల మఠంలో పాత కాగితాలకు జాబితా రాయాలి. ఒక ఇనప బీరువా, రెండు ట్రంకు పెట్టెలు ఉన్నాయి. ఇంటి సంగతులు రాసిన లావు క్రానికల్ పుస్తకాలు నాలుగు (మొదటి రెండూ ఫ్రెంచి, తర్వాతవి ఇంగ్లీషు), మాటపట్టు రిజిస్టరు (సిస్టర్లు వ్రతం తీసుకున్న వివరాల పుస్తకం), బడి అడ్మిషన్ రిజిస్టర్లు, డిస్పెన్సరీ పుస్తకాలు, అనాథాశ్రమంలో చేర్చుకున్న పిల్లల పుస్తకం, జాబుల కట్టలు, లెక్కల పుస్తకాలు, ఫొటోలు, స్థలం దస్తావేజులు. పాత జాబుల్లో చిత్తూరు పక్కన నార్త్ ఆర్కాట్ అని ఉంది. ట్రంకు అడుగున సిల్వర్‌ఫిష్ పురుగులు తిరుగుతున్నాయి, రెండు పుస్తకాలకు బూజు పట్టింది.

అడగాల్సినవి ఇవీ. జాబులన్నీ ఒకచోట, బడివన్నీ ఒకచోట అని విషయాల వారీగా విడదీయవచ్చా? చిరుగుతున్నవాటిని లామినేషన్ చేయించమని ఒకరు అంటున్నారు, మంచిదేనా? క్రానికల్లో రెండో పుస్తకానికీ మూడోదానికీ మధ్య చాలా ఏళ్లు లేవు, ఆ భాగం ఎక్కడైనా దొరుకుతుందా? తిరుపతి నుంచి పరిశోధన చేసే విద్యార్థిని ఒకరు చూస్తామంటున్నారు. ఏవి చూపించవచ్చు?

పాత దస్తావేజు (తిరుపతి)

విషయాల వారీగా విడదీయకండి మేడం. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద నష్టం అక్కడే జరుగుతుంది. ఒక కట్టలో మదర్ సుపీరియర్ రాసిన జాబు, దాని కింద సిమెంటు బిల్లు, దాని కింద విచారణ (పారిష్) గురువు చీటీ ఉన్నాయంటే అవి మూడూ ఒకే పని మీద వచ్చినవి అయ్యుండచ్చు. బిల్లును లెక్కల్లోకి, చీటీని గుడి కాగితాల్లోకి పంపించేస్తే ఆ గది ఎప్పుడు కట్టారో, ఎవరు ఒప్పుకున్నారో ఇంకెవరికీ అర్థం కాదు. ఏ కట్ట ఎలా ఉందో అలాగే ఉంచి, విషయాల వారీ వరస జాబితాలో మాత్రం పెట్టుకోండి. కాగితం కదలకూడదు, జాబితాను ఎన్ని రకాలుగానైనా తిప్పుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు బీరువా ప్రతి అరనూ, ట్రంకు ప్రతి పొరనూ ఫోనుతో ఫొటో తీయండి. అరకు ఒక అక్షరం, అందులోని కట్టకు ఒక అంకె. తర్వాత ఒక ఎక్సెల్ పట్టీ: నంబరు, ఏమిటది, ఎవరు తయారుచేశారు, మొదటి తేదీ, చివరి తేదీ, ఎన్ని పుస్తకాలు లేక ఎన్ని కాగితాలు, భాష, ఎలా ఉంది, ఎక్కడ దొరికింది. పాత పత్రాలను వివరించే అంతర్జాతీయ పద్ధతి ఐఎస్ఏడీ(జి)లో తప్పనిసరి అంశాలు ఆరే: సంకేత సంఖ్య, శీర్షిక, సృష్టికర్త, తేదీలు, పరిమాణం, వివరణ స్థాయి. ఇవి ఆరూ నిండితే మిగతావి తీరిగ్గా రాసుకోవచ్చు. మొదటి విడతలో ఒక్కో జాబూ చదువుతూ కూర్చోకండి, ట్రంకు దాటి బయటికి రాలేరు.

'ఎవరు తయారుచేశారు' అన్న గడిలో జాగ్రత్త. ఒకే బీరువాలో మూడు నాలుగు సంస్థల కాగితాలు కలిసి ఉంటాయి. క్రానికల్, మాటపట్టు రిజిస్టరు, ప్రొవిన్షియల్ (ఆ ప్రాంతపు మఠాలన్నిటికీ పెద్ద) తనిఖీకి వచ్చి రాసే విజిటేషన్ పుస్తకం, చనిపోయిన సిస్టర్ల గురించి అన్ని మఠాలకూ తిప్పిన సర్క్యులర్లు సభవి, అంటే ఆ సిస్టర్ల సంస్థవి. అడ్మిషన్ రిజిస్టరు బడిది. పుచ్చుకున్న జ్ఞానస్నానాల పుస్తకం కనబడితే అది విచారణది, మఠంలో ఉండాల్సింది కాదు. తెలుసుకుని విచారణకు అప్పగించి, రసీదు తీసుకోండి.

సిస్టర్ల పేర్ల పట్టికకు ఒక హెచ్చరిక. పాత రోజుల్లో అంగీ పుచ్చుకునేటప్పుడు (సిస్టరు దుస్తులు వేసుకునేటప్పుడు) కొత్త పేరు ఇచ్చేవారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలామంది జ్ఞానస్నానపు పేరుకు తిరిగొచ్చారు. రెండు పేర్లనూ ఒకే వరసలో రాయకపోతే ఒక్క మనిషి ఇద్దరైపోతుంది. ఇక తెరెసాలు, మరియలు ఒక్క సభలోనే అరడజను మంది ఉంటారు కాబట్టి రిజిస్టరులోని వరస సంఖ్యే అసలు గుర్తు.

బైండింగ్ బల్ల

లామినేషన్ వద్దే వద్దు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం, కాగితంలోని ఆమ్లం లోపలే ఉండిపోయి గోధుమరంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. సెలోటేపు కూడా అంతే, జిగురు ఇంకి మచ్చ మిగులుతుంది. చిరిగినదాన్ని ఒక తెల్ల కాగితం మడతలో పెట్టి పక్కన ఉంచండి, ఇప్పటికి అది చాలు.

బూజు పట్టిన రెండు పుస్తకాలనూ ఈరోజే వేరే గదిలోకి మార్చండి. తడి తగిలినవైతే నీడలో, ఫ్యాను గాలి నేరుగా కొట్టకుండా ఆరనివ్వాలి. ఎండలో పెట్టకూడదు, సిరా వెలిసిపోయి అట్టలు వంకర తిరుగుతాయి. పూర్తిగా ఆరాక మాత్రమే మెత్తటి బ్రష్‌తో, మధ్య నుంచి బయటికి, ఆరుబయట దులపాలి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు కాగితంలోకి దిగిపోతుంది.

సిల్వర్‌ఫిష్‌కు గంజి, జిగురు, చీకటి, తేమ కావాలి. అందుకే పుస్తకం వీపు దగ్గర మొదలుపెడుతుంది. నాఫ్తలీన్ గోలీలతో గుడ్లు చావవు, మన ఊపిరికి చేటు. వేపాకు పెడితే పొడైపోయి మరకలు మిగులుతాయి. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథీన్ కవరులో గాలి తీసేసి, అంచు గట్టిగా మూసి, మైనస్ 20 డిగ్రీలు చేరే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. బయటికి తీశాక కవరు ఒక రోజంతా విప్పకండి, ముందే విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఫొటోలు, గాజు నెగెటివ్‌లు ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మామూలు ఫ్రిజ్ పై అర ఈ పనికి చాలదు.

మన వైపు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో. గోడకు ఆనించిన ఇనప బీరువాలో చెమ్మ పడుతుంది. గోడకు జానెడు ఎడం, నేలకు ఆరంగుళాల ఎత్తు ఉంచండి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి లోపల పెట్టండి. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు వస్తుంది. అప్పుడు బీరువా మూసి ఉంచడం కంటే పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట తలుపు తీసి గాలి ఆడనివ్వడమే మేలు.

తుప్పు పట్టిన గుండుసూదుల్ని లాగకండి. కింద పలచటి ప్లాస్టిక్ ముక్క జరిపి, సూదిని కొంచెం కొంచెంగా జార్చాలి. ఫైలుకు 30, 40 కాగితాలు మించకుండా పెట్టి, మూలన 2బి పెన్సిల్‌తో పలచగా నంబరు వేయండి. ఆమ్లం లేని ఫైళ్లు దొరికేదాకా గంజి పోయేలా మూడు నాలుగుసార్లు ఉతికిన తెల్ల నూలుబట్టలో చుట్టి ఉంచవచ్చు. గంజి పోని కోరా బట్ట పురుగుకు విందుభోజనమే.

కపిలతీర్థం రోడ్

లేని క్రానికల్ గురించి. వెతికే ముందు సభ మూలమఠం ఏ దేశంలో ఉందో తేల్చుకోండి, దాన్ని బట్టే కాగితాల భాష, ఉండే చోటు మారతాయి. ప్రెజెంటేషన్ సిస్టర్లు 1842లో ఐర్లాండ్ నుంచి మద్రాసుకు వచ్చారు, కాబట్టి వాళ్ల జాబులు ఇంగ్లీషు. టూరిన్‌కు చెందిన సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాదుకు వచ్చారు, అక్కడ ఇటాలియన్. 1822లో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో మొదలైన యేసు మరియ జోజప్పల సభ 1904లో గుంటూరు చేరింది, అక్కడ డచ్. 1877లో ఊటీలో పుట్టిన ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సభ కాగితాల్లో ఫ్రెంచి ఎక్కువ. యూరప్‌లో మఠాలు మూతపడే కొద్దీ వాటి పత్రాలు ప్రత్యేక కేంద్రాలకు చేరుతున్నాయి. డచ్ సభలవి చాలా సింట్ అగతా గ్రామంలోని వారసత్వ కేంద్రంలో, బెల్జియం సభలవి లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాడాక్ పత్రాగారంలో ఉన్నాయి.

చాలా మిషనరీ సభల్లో ఇంటి క్రానికల్ నకలు గానీ సారాంశం గానీ ప్రొవిన్షియల్‌కూ, జనరలేట్‌కూ (సభ కేంద్ర కార్యాలయానికి) పంపే ఆనవాయితీ ఉంది. అందువల్ల మొదటి జాబు ప్రొవిన్షియలేట్‌కు (ప్రొవిన్షియల్ కార్యాలయానికి) రాయండి. 'మా మఠం చరిత్ర కావాలి' అని రాస్తే అచ్చేసిన జూబ్లీ పుస్తకం పంపించి ఊరుకుంటారు. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా క్రానికల్ నకలు, విజిటేషన్ నివేదికలు, మరణ సర్క్యులర్లు ఉన్నాయా అని విడివిడిగా అడగండి. లియోన్ నుంచి 1868లో మొదలైన ఫ్రెంచి వారపత్రిక 'లే మిసియోఁ కథోలిక్' ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైటులో ఉచితంగా చదవచ్చు, అందులో మిషన్ల జాబులు అచ్చయ్యాయి. అవి విరాళాల కోసం అచ్చేసిన జాబులని మాత్రం మరవద్దు. కరువు, కలరా, జ్ఞానస్నానాల లెక్క ఘనంగా కనిపిస్తాయి, అప్పులూ తగాదాలూ కనిపించవు. రోమ్‌లో మిషన్ల వ్యవహారాలు చూసే ప్రొపగాండ ఫీదే పత్రాగారానికి తొందరపడి రాయకండి. అక్కడ ఎక్కువగా మేత్రాణుల (బిషప్పుల) నివేదికలే ఉంటాయి, ఒక చిన్న మఠం రోజువారీ సంగతులు అరుదు.

నార్త్ ఆర్కాట్ సంగతి తేలికే. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది, అంతకు ముందు చిత్తూరు పట్టణం నార్త్ ఆర్కాట్ జిల్లాకే ముఖ్యపట్టణం. మదనపల్లె, వాయల్పాడు అప్పట్లో కడప జిల్లా. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, కాబట్టి 'చిత్తూరు జిల్లా మిషన్' అన్న లెక్కలో ఆ ఊళ్లూ కలిసి ఉండచ్చు. బడి గ్రాంటు, స్థలం మంజూరు లాంటి ప్రభుత్వ ఉత్తర్వులు 1953కు ముందువైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి. తిరుపతి 'త్రిపెట్టి' అనీ, కాళహస్తి 'కలాస్త్రి' అనీ ఉంటాయి.

మేత్రాసనాలూ (బిషప్పుల పాలన ప్రాంతాలూ) మారాయి. వెల్లూరు మేత్రాసనం 1952లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. మేత్రాణులతో సిస్టర్లు జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల కోసం ఏడును బట్టి కడప, వెల్లూరు, మద్రాసు-మైలాపూరు మూడుచోట్లా అడగాలి.

గ్రీమ్స్‌పేట లైబ్రేరియన్ (చిత్తూరు)

చాలా ధన్యవాదాలు. రెండు చిక్కులు మిగిలాయి. ఒక జాబు పైన జె.ఎం.జె. అని ఉంది, అది గుంటూరు సభదా? ఫ్రెంచి జాబుల్లో తేదీ పక్కన 7 వేసి చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. జూలై అనుకుని జాబితాలో రాస్తే వరస కుదరడం లేదు. ఇంకోటి, ఇక్కడి అమ్మాయిలు సిస్టర్లైన వివరం విచారణ జ్ఞానస్నాన పుస్తకంలో దొరుకుతుందా?

కపిలతీర్థం రోడ్

జె.ఎం.జె. చూసి సభ పేరు తేల్చకండి. యేసు, మరియ, జోజప్పల పేర్లు తలచుకుని జాబు మొదలుపెట్టడం అన్ని సభల్లోనూ ఉన్న అలవాటే. మనవాళ్లు 'శ్రీ' రాసి మొదలుపెట్టినట్టు. సభ పేరు కావాలంటే సంతకం తర్వాత వచ్చే పొడి అక్షరాలు చూడండి.

7 అంటే అక్కడ జూలై కాదు, సెప్టెంబరు. ఫ్రెంచిలో 'సెప్త్' అంటే ఏడు కాబట్టి 7 వేసి చివర 'బ్ర్' తగిలిస్తారు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది డిసెంబరు. ఇప్పటిదాకా జూలై నుంచి అక్టోబరు దాకా రాసిన తేదీలన్నీ ఒకసారి సరిచూడాలి.

జ్ఞానస్నాన పుస్తకం మార్జిన్‌లో జీవితాంత మాటపట్టు వివరం రాయాలని 1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం 535వ నిబంధన చెబుతుంది. 1917 నాటి పాత చట్టంలో ఘనమైన మాటపట్టుకు మాత్రమే ఆ నియమం ఉండేది. బళ్లు, ఆసుపత్రులు నడిపే సభల సిస్టర్లవి సాధారణ మాటపట్టులు కాబట్టి 1983కు ముందు వాళ్ల పేర్ల పక్కన మార్జిన్ ఖాళీగా ఉంటే ఆశ్చర్యం లేదు. అలాంటివాళ్లకు సభ రిజిస్టరే ఆధారం.

పాత దస్తావేజు (తిరుపతి)

పరిశోధకులకు చూపే విషయం ఇంకెవరూ ముట్టుకోలేదు. క్రానికల్, బడి భవనాల జాబులు, పాత లెక్కలు, ఫొటోలు ప్రొవిన్షియల్ రాతపూర్వక అనుమతితో చూపవచ్చు. సిస్టర్ల వ్యక్తిగత ఫైళ్లు, విజిటేషన్ పుస్తకంలో మనుషుల మీద రాసిన మాటలు మూసే ఉంచాలి. డిస్పెన్సరీ పుస్తకాల్లో కుష్ఠు, క్షయ రోగుల పేర్లు, ఊర్లు ఉంటాయి. ఆ కుటుంబాలు ఇప్పటికీ అక్కడే ఉంటాయి. అంకెలు తీసి ఇవ్వండి, పేర్లు వద్దు. అనాథ పిల్లల పుస్తకం అసలు బల్ల మీదికే రాకూడదు. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆశ్రమంలో పెరిగినవాళ్లే వచ్చి తమ వివరం అడిగితే అది వేరే సంగతి, గుర్తింపు చూసి వాళ్ల పేరున్న వరస మాత్రమే, పక్క వరసలు కప్పి చూపాలి.

ఫోనుతో ఫొటోలు తీసుకోనివ్వాలా వద్దా అన్నది ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. తర్వాత వాదించుకుంటే మాట మిగలదు.

స్కానింగ్‌కు దిగే ముందు లెక్క వేసుకోండి. ఏ4 పేజీ 300 డిపిఐలో, రంగుల్లో, కుదించని టిఫ్ ఫైలుగా దాదాపు 26 ఎంబి. 200 పేజీల క్రానికల్ 5 జీబీ దాటుతుంది. మూడు నకళ్లు కావాలి: రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులు, అందులో ఒకటి ప్రొవిన్షియలేట్‌లో, మూడోది మఠం దాటి ఇంకోచోట. వీపు విరిగిన పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ మీద బోర్లించి నొక్కకండి. స్టాండుకు కెమెరా బిగించి, పుస్తకాన్ని సగమే తెరిచి, రెండు వైపులా దిండ్లు పెట్టి తీయాలి. మొదట ఫ్రెంచి క్రానికళ్లు, తర్వాత జాబులు. దస్తావేజులకు మటుకు స్కాన్‌తో సరిపెట్టుకోకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువాటికి ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. అప్పుడు దస్తావేజు నంబరు, ఏడు, సర్వే నంబరు మూడూ చేతిలో ఉండాలి.