ఎనిమిదేళ్ల బాబుకు ఏడీహెచ్‌డీ మందు మొదలుపెట్టాలా?

మాది వరంగల్. బాబుకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని తేలి ఏడాదైంది. బిహేవియర్ థెరపీతో కొంత మేలే, కానీ క్లాసులో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. మొన్న "నేను చెడ్డపిల్లాడినా అమ్మా?" అని అడిగాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

డాక్టరుగారు మిథైల్‌ఫెనిడేట్ తక్కువ డోసుతో మొదలుపెడదామన్నారు. ఆకలి తగ్గొచ్చు, రాత్రి నిద్ర ఆలస్యం కావచ్చు, బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండాలి అన్నారు. వాడు అసలే బక్కపలచన. అటొమాక్సెటిన్ అనే ఇంకో మందు అయితే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుందట. మా అత్తయ్య "పిల్లలన్నాక అల్లరి చేయరా, మందులెందుకు" అంటున్నారు. మావారు ఎటూ తేల్చడం లేదు.

ఈ మందు వాడిన పిల్లల తల్లిదండ్రులు దయచేసి చెప్పండి. మధ్యాహ్నం బాక్సు తినేవారా? బరువు తగ్గకుండా ఏం పెట్టారు? టీచరుకు చెప్పారా? పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు? డోసు సంగతి డాక్టరుగారినే అడుగుతాను.