దిగులు ఒంటి నొప్పిగా ఎందుకు బయటపడుతుంది?

కనిగిరి వాసి (ప్రశ్న):
మా మేనత్త ఏడాదిగా ఒళ్ళంతా మంటలనీ, కాళ్ళ నరాలు లాగుతున్నాయనీ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందనీ బాధపడుతోంది. ఊళ్ళో బలం సూదులు వేయించాక, చివరికి ఒంగోలులో ఒక డాక్టరుగారు ఇది డిప్రెషన్ అన్నారు. "నొప్పులు చెప్తుంటే దిగులంటాడేంది!" అని ఆమె కోప్పడింది. మెదడుకు సంబంధించిన జబ్బయితే కాళ్ళెందుకు లాగాలి? విదేశీయులకు వచ్చేదీ, మనకు వచ్చేదీ ఒకటేనా?

కావలి నుంచి ఒక వైద్యుడు:
మీ మేనత్తగారు చెబుతున్న నొప్పి నిజమైనదే. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నాడీమార్గాలు సెరటోనిన్, నార్ఎడ్రినలిన్ అనే మెదడు రసాయనాల సాయంతో నొప్పి సంకేతాలను అదుపులో ఉంచుతాయి. డిప్రెషన్‌లో ఆ పట్టు సడలడం వల్ల చిన్న నొప్పి కూడా పెద్దదిగా తోస్తుందని భావిస్తున్నారు. డులాక్సెటిన్ అనే మందును డిప్రెషన్‌కూ, నరాల నొప్పికీ కూడా వాడడం గమనించండి.

ఇక రెండో ప్రశ్న. బెంగళూరుతో సహా 14 దేశాల్లోని వైద్య కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సేకరించిన వివరాలతో 1999లో వెలువడిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్న 1,146 మందిలో 69 శాతం డాక్టరుకు శరీర బాధలే చెప్పుకున్నారు; అయితే సూటిగా అడిగినప్పుడు మనసులో ఏ బాధా లేదన్నవారు 11 శాతమే. తమను ఎప్పుడూ చూసే డాక్టరంటూ లేనిచోట శరీర బాధలు చెప్పడం ఎక్కువగా కనిపించింది. కొత్త డాక్టరు ముందు మనసు విప్పేదెవరు?

నెల్లూరు జన్యుశాస్త్ర విద్యార్థిని:
జాతుల మధ్య తేడాను ఒక్క జన్యువుతో తేల్చే వాదనలను నమ్మవద్దని నా మనవి. సెరటోనిన్‌ను నాడీకణాల్లోకి తిరిగి చేరవేసే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువుకు పొట్టి, పొడవు రూపాలున్నాయి; పొట్టి రూపం, జీవితంలో కష్టాలు కలిసినప్పుడు డిప్రెషన్ ముప్పు పెరుగుతుందని 2003లో ప్రకటించారు. ఆ రూపం తూర్పు ఆసియాలోనే ఎక్కువైనా, అక్కడ డిప్రెషన్ తక్కువగా నమోదవుతోందంటూ, దానికి సమష్టి జీవనమే రక్షణ అని 2010లో మరో వాదం వచ్చింది. వినడానికి బాగానే ఉంది కానీ, 2019లో లక్షల మంది సమాచారంతో పరీక్షిస్తే అసలు ఆ జన్యువు ప్రభావమే నిలబడలేదు.

పొదిలి పాఠకుడు:
మీ ప్రాంతపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కదా. కీళ్ళ నొప్పులకు అదీ కారణం కావచ్చు. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు కూడా చేయించండి.

కనిగిరి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సూటిగానే అడిగాను. చాలాసేపు పలకలేదు, తర్వాత, "మీ మామ పోయినకాడ నుంచి ఏదీ రుచించట్లేదురా" అంది. ఈ మాట ఆ డాక్టరుగారికి ఆమె చెప్పనే లేదట. సోమవారం మళ్ళీ ఒంగోలు వెళుతున్నాం, రక్తపరీక్షలూ అక్కడే చేయిస్తాను.