పాపని ఎత్తుకుంటే బొటనవేలి మొదట్లో పోటు, నరం పట్టేసిందా?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:
పాపకి నాలుగో నెల. నెల్లాళ్లుగా కుడిచేతి బొటనవేలి కింద, మణికట్టు పక్కన ఒకటే పోటు. పాప చంకల్లో చేతులేసి లేపినా, గుడ్డలు పిండినా, సీసా మూత తిప్పినా ప్రాణం పోతోంది. అత్తగారు నరం పట్టేసిందని నువ్వులనూనె పెట్టి గట్టిగా రుద్దించారు, మర్నాటికి ఇంకా వాచింది. పాతపట్నం వెళ్లి ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు, అంతే. పాలిస్తున్నాను, మాత్రలంటే టెన్షన్. ఎవరికైనా ఇలా వచ్చిందా?

జవాబు, రాయగడ (ఫిజియోథెరపీ చేస్తాను):
చెల్లీ, ముందు ఆ రుద్దుడు ఆపించు. ఇది ఎముకదీ కాదు, నరానిదీ కాదు. బొటనవేలిని పక్కకీ పైకీ లాగే రెండు తాళ్లు, టెండన్లంటాం, మణికట్టు పక్కన ఒకే ఇరుకు గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టం మందమైపోతే వేలు కదిలినప్పుడల్లా రాపిడే. 1895లో డి కెర్వాన్ అనే స్విస్ సర్జన్ దీని గురించి రాశాడు, జబ్బుకి ఆయన పేరే పెట్టారు. బాలింతల్లో బాగా చూస్తాం. బొటనవేలిని పిడికిట్లో దాచి మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచు, అక్కడే సుర్రుమంటే చాలావరకు ఇదే. (పదేపదే చేసి చూసుకోకు, అదీ రాపిడే.) వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం వేరే సంగతి.

బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ అడుగు, ఉత్త మణికట్టు పట్టీ ఇస్తే తీసుకోకు. 4 నుంచి 6 వారాలు. ఐస్ గుడ్డలో చుట్టి 10 నిమిషాలు. పాపని లేపేటప్పుడు బొటనవేళ్లు చాపి చంకల్లో పెట్టకు, ఒక చెయ్యి పిరుదుల కింద, ఒకటి మెడ కింద, అరచేతులు పైకి ఉండాలి.

జవాబు, గుణుపురం:
నాకు కత్తెర పట్టుకుని పట్టుకుని వచ్చింది. స్ప్లింట్ వేసుకునే కుట్టుపని చేశాను, ఇంకెక్కడ తగ్గుతుంది? చివరికి బరంపురంలో ఎముకల డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు వారాల్లో పోటు పోయింది. షుగరున్నవాళ్లు ముందే చెప్పండి, నాకు నాలుగు రోజులు పైకి పోయింది. పొడిచిన చోట చర్మం తెల్లబడితే బొల్లి అని వీధంతా ఒకటే గోల, ఆ మందుకి అలా అవుతుందట. దానికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్, ఆ గొట్టం కోసి తాళ్లకి చోటిస్తారు.

పర్లాకిమిడి:
వంచి చూశాను అక్కా, కళ్లల్లో నీళ్లొచ్చాయి. స్ప్లింట్ పాపకి గీసుకోదా? మాత్రల సంగతి?

రాయగడ:
పైన మెత్తటి పాత చీరముక్క చుట్టు. ఐబుప్రొఫెన్ పాలిచ్చేవాళ్లకీ ఇస్తుంటారు, కానీ డాక్టరుకి పాలిస్తున్నానని చెప్పి అడిగే వేసుకో. గుడ్డలు పిండేది ఎవరింక?

పర్లాకిమిడి:
మా ఆయన. ఇప్పుడే బకెట్ చూపించాను.