నా కాల్ లిస్టు మా మరిది చేతికి ఎట్ల పోయింది?

పానగల్లు_చెరువు:
మాది నల్లగొండ. భర్తతో పడక పుట్టింట్లో ఉంటున్నాను, కోర్టులో కేసు నడుస్తోంది. మొన్న పెద్దమనుషుల పంచాయితీలో మా మరిది జేబులోంచి ఒక కాగితం తీసి చదివాడు. ఫలానా రోజు రాత్రి 9:40కి ఫలానా నంబరుతో 22 నిమిషాలు మాట్లాడావని. అది నాతో పనిచేసే ఆయన నంబరు. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉంటే చేసిన ఫోను. నా తప్పేం లేదు, సరే. ఆ లిస్టు వాళ్లకు ఎక్కడిది? మరిదికి పోలీసు దోస్తు ఒకతను ఉన్నాడు. అడిగితే "మాకు మనుషులున్నరు" అని నవ్వాడు. అప్పటినుంచి ఫోన్ ముట్టుకోవాలన్నా టెన్షన్. ఎవరికైనా ఇట్లా జరిగిందా?

మిర్యాలగూడ_మిల్లు:
నాది బండి నంబరు కథ. పార్కింగ్ దగ్గర ఒకాయనతో మాటామాటా పెరిగింది. సాయంత్రానికి మా ఇంటి గేటు ముందు ఉన్నాడు. మనం బండి వివరాలు చూపే ఎంపరివాహన్ యాప్‌లో కొడితే పేరులో సగం అక్షరాలు చుక్కలే, అడ్రసు రాదు. తెలిసిన హోంగార్డుతో తీయించానని వాడే గొప్పగా చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఇంట్లో ఆడపిల్లలున్నారు.

హెడ్డు_రిటైర్డ్_పాలమూరు:
అమ్మా, ఆ లిస్టును మేం సీడీఆర్ అంటాం. అందులో మాటలుండవు. ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద, అంతే. దాన్ని కంపెనీనుంచి తెప్పించాలంటే ఎస్పీ స్థాయి ఆఫీసరు ద్వారా పోవాలి. 2013లో అరుణ్ జైట్లీ సీడీఆర్ తీసిన కేసులో ఢిల్లీ కానిస్టేబుల్ ఒకడు, ప్రైవేటు డిటెక్టివులు అరెస్టయ్యారు. ఆ తర్వాతే ఈ రూలు బిగించారు.

కానీ నంబర్లు ఒక్కొక్కటిగా పోవు, లిస్టుగా పోతాయి. చోరీ కేసులోనో మిస్సింగ్ కేసులోనో అనుమానితుల నంబర్ల నడుమ ఇంకొకటి ఇరికిస్తే బియ్యంలో మెరిగె లెక్క, ఎవరి కంటా పడదు. నా సర్వీసులో చూశాను, పేర్లు అడగొద్దు. అయితే ఇరికించినోడు ఏదో ఒక కేసు క్రైం నంబరు చూపించక తప్పదు. ఆ కేసుకూ నీ నంబరుకూ సంబంధం ఏమిటని పైఆఫీసరు అడిగిన రోజు వాడి దగ్గర జవాబుండదు.

పిల్లలమర్రి_నీడ:
అంటే టీవీలో చూపించిన ఫోన్ ట్యాపింగ్ లాంటిదేనా సార్?

హెడ్డు_రిటైర్డ్_పాలమూరు:
కాదు. 2024 మార్చిలో పంజాగుట్టలో పెట్టిన కేసు మాటలు వినడం గురించి. దానికి హోం సెక్రటరీ ఉత్తర్వు కావాలి. కింది స్టేషన్లలో ఎక్కువగా జరిగేది ఈ చిల్లర పనే. బిర్యానీకో, బాకీకో, దోస్తానాకో.

కోయిల్‌సాగర్_కాలువ:
ఫిర్యాదు చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇది కూడా వినండి. మా ఊళ్లో బెల్టు షాపు మీద 100కు ఫోన్ చేశాను. అరగంటలో బెల్టు షాపు ఓనరే నాకు ఫోన్ చేశాడు, "ఏం అన్నా, నా మీద పడ్డవ్" అని. నా నంబరు వాడికి ఎవరిచ్చారు? అప్పటినుంచి ఏదున్నా రిజిస్టర్ పోస్టే, అదీ పక్క మండలం పోస్టాఫీసు నుంచి.

కల్వకుర్తి_బస్టాండ్:
అందరూ పోలీసులనే అంటున్నారు. ఒప్పుకుంటున్నా, నేనూ చేయించాను. చెల్లెకు సంబంధం వస్తే, అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో చూడమని స్టేషన్లో ఉన్న క్లాస్‌మేట్‌ను అడిగాను. రెండు నిమిషాల్లో చూసి చెప్పాడు. అప్పుడు అది తప్పని తోచలేదు, జాగ్రత్త అనుకున్నాను.

పానగల్లు_చెరువు:
అన్నా, ఆ అబ్బాయికి తెలుసా?

కల్వకుర్తి_బస్టాండ్:
తెలియదు. ఇప్పుడు మా బావ.

దేవరకొండ_వకీలు:
చెల్లె, ఆ కాగితాన్ని వాళ్లు కోర్టులో పెడితే భయపడకు. ఎలక్ట్రానిక్ రికార్డుకు కొత్త సాక్ష్య చట్టం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అది ఎవరిచ్చారని మీ వకీలు అడిగితే చాలు, వాళ్లు నీళ్లు నములుతారు. ఎస్పీ గారికి ఇచ్చే దరఖాస్తులో "నా నంబరు సీడీఆర్ ఈ తేదీల మధ్య ఎవరు, ఏ కేసులో తెప్పించారో విచారించండి" అని సూటిగా రాయి. అనుమానం ఉన్నవాళ్ల పేరు రాయి, తిట్లు రాయకు. సమాచార హక్కు కింద అడిగితే దర్యాప్తు పేరు చెప్పి, సెక్షన్ 8(1)(హెచ్) చూపించి ఇవ్వమంటారేమో, అయినా పది రూపాయల పని. మానవ హక్కుల కమిషన్‌కు పోవాలనుకుంటే జరిగిన ఏడాదిలోపే పోవాలి. పైరవీకి మాత్రం పోకు. ఇంకో "మనోడి"ని పట్టుకుంటే నీ సంగతి ఇంకో నలుగురికి తెలుస్తుంది.

పానగల్లు_చెరువు:
సోమవారం గ్రీవెన్స్‌లో దరఖాస్తు ఇచ్చి వచ్చాను. జిరాక్స్ మీద ముద్ర వేయించుకున్నాను. మరిది ఇప్పుడు ఆ కాగితమే లేదంటున్నాడు. కానీ పంచాయితీ రోజే మా మేనమామ దాన్ని ఫోన్లో ఫొటో తీశాడట, నాకు నిన్ననే చెప్పాడు.

హెడ్డు_రిటైర్డ్_పాలమూరు:
పైన మూలకు చేత్తో ఏమన్నా రాసి ఉందేమో పెద్దగా చేసి చూడమ్మా.

పానగల్లు_చెరువు:
ఉంది సార్! "క్రై.నం." అని, పక్కన మూడంకెలు. ఆ ఫొటో ఇక్కడ పెట్టనా?

హెడ్డు_రిటైర్డ్_పాలమూరు:
వద్దు, వద్దు. ఆ నంబరు ఇక్కడ కూడా రాయకు. ఫొటో ప్రింటు తీయించి ఇంకో దరఖాస్తుకు జతచేసి, రేపే పోయి ఇచ్చిరా.