ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో పాత్‌వేలన్నీ బట్టీ పట్టాల్సిందేనా?

సెకండ్_సెమ్:
ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నాను. మెటబాలిజం పేపర్‌కి, గ్లూకోజ్‌ని విరగ్గొట్టే గ్లైకాలిసిస్ నుంచి డీఎన్‌ఏలో ఉండే ప్యూరిన్ల తయారీ దాకా, ఒక్కో పాత్‌వేలో (వరుస రసాయన చర్యల్లో) ప్రతి మెట్టూ, ఎంజైమ్ పేరూ, నిర్మాణమూ చూడకుండా రాయాలి. ఇవన్నీ కెగ్ (KEGG) అనే ఆన్‌లైన్ పాత్‌వే మ్యాపుల డేటాబేస్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. సెమిస్టర్ సగం బొమ్మలు గీయడానికే పోతోంది, టెన్షన్ వేరే. పరీక్షయ్యాక అంతా మర్చిపోతున్నాం. మ్యాప్ చేతికిచ్చి ప్రశ్నలు అడగాలని నా వాదన. మీరేమంటారు?

గుంటూరు_లెక్చరర్:
నేను ఒప్పుకోనమ్మా. షుగర్ పరీక్షకి రక్తం బూడిద రంగు మూత ట్యూబులో తీస్తారు కదా, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. బయటికి తీసిన రక్తంలోనూ కణాలు గ్లూకోజ్‌ని వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి ఆ పని ఆపడానికి అది. అయినా మొదటి గంట, రెండు గంటలు గ్లూకోజ్ తగ్గుతూనే ఉంటుంది. ఎందుకు? ఫ్లోరైడ్ అడ్డుకునేది ఈనోలేజ్ అనే ఎంజైమ్‌ని. అది గ్లైకాలిసిస్ పది మెట్లలో తొమ్మిదోది. పైన మొదటి మెట్టులో గ్లూకోజ్‌ని వాడుకునే హెక్సోకైనేజ్ ఇంకా పనిచేస్తూనే ఉంది. దారి మొత్తం తలలో ఉన్న పిల్లకి ఇది వెంటనే తడుతుంది. లేనివాళ్లకి డేటాబేస్‌లో ఏం వెతకాలో కూడా తెలియదు.

పీహెచ్‌డీ_హైదరాబాద్:
మేడం, దానికి ఈనోలేజ్ కింది మెట్టని తెలిస్తే చాలు, అన్ని నిర్మాణాలూ గీయనక్కర్లేదు. బట్టీ వల్ల జరిగే నష్టం చూడండి. ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) అని ఇప్పటికీ రాస్తున్నారు. ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీహెచ్‌కి 3, ఎఫ్‌ఏడీహెచ్2కి 2 ఏటీపీలు అనుకున్న కాలం లెక్క అది. ఇప్పుడు 2.5, 1.5 వేస్తున్నారు, మొత్తం 30 లేదా 32 వస్తుంది. ఒక ఎన్‌ఏడీహెచ్ వల్ల 10 ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపలి పొర దాటి బయటికి పోతాయి, ఒక ఏటీపీ తయారై బయటికి చేరడానికి సుమారు 4 కావాలి. అందుకే 2.5. అదీ స్థిరం కాదు. ఆవు మైటోకాండ్రియాలో ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ ఎంజైమ్‌లో తిరిగే వలయంలో 8 భాగాలే ఉన్నాయని 2010లో తేలింది. దాంతో లెక్కిస్తే 2.7 వస్తుంది. కంఠస్థం చేసినవాడి దగ్గర పాత అంకె మిగులుతుంది. ప్రోటాన్లు లెక్కపెట్టగలిగినవాడు కొత్తది తనే రాబట్టుకుంటాడు.

గుంటూరు_లెక్చరర్:
ఏటీపీ లెక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. నిర్మాణాల దగ్గర మాత్రం కాదు. గ్లైకాలిసిస్ చివర్లో వచ్చే ఫాస్ఫోఈనోల్‌పైరువేట్ జలవిశ్లేషణలో మోలుకి 61.9 కిలోజౌళ్లు విడుదలవుతాయి, ఏటీపీకి 30.5 మాత్రమే. ఈ తేడా ఎందుకు? ఫాస్ఫేట్ ఊడగానే ఈనోల్ రూపం కీటోగా మారిపోతుంది. బొమ్మ చేత్తో గీస్తే ఇది కనిపిస్తుంది, పేరు చదివితే కనిపించదు.

ఇంకో మాట. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే కలిసి 1925లో ప్రచురించిన, నీలం రంగుని బట్టి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని మన ప్రాక్టికల్స్‌లో ఇప్పటికీ చేయిస్తున్నాం. కండరాల సారంతో చేసినప్పుడు నీలం రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. ఆ ఆలస్యాన్ని పట్టుకునే వాళ్లు కండరంలో శక్తి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి చేరారు. రంగు ఎంతసేపట్లో రావాలో మనసులో లేనివాళ్ల కంటికి ఆలస్యం ఆనుతుందా?

పీహెచ్‌డీ_హైదరాబాద్:
ఆ అవగాహన ల్యాబ్‌లో చేతులు పెట్టి సంపాదించింది మేడం. వాళ్లకి బట్టీ పట్టడానికి ఇప్పుడున్న మ్యాపే లేదు, అప్పటికి గ్లైకాలిసిస్ మెట్లన్నీ తేలలేదు. మన పిల్లలు అదే ప్రాక్టికల్ చేసి, రికార్డులో సీనియర్ల రీడింగులు దింపేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

నెట్_ప్రిపరేషన్:
సెకండ్_సెమ్, లెక్చరర్ ఉద్యోగానికీ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ రాసే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 200కి 100 మార్కులు పార్ట్ సీవే. అక్కడ పేరు అడగరు, ప్రయోగ ఫలితం ఇచ్చి కారణం అడుగుతారు. తప్పుకి మార్కులు కోస్తారు. అయితే పరీక్ష హాల్లో కెగ్ ఉండదు తమ్ముడూ. గ్లైకాలిసిస్, క్రెబ్స్ చక్రం, ఫ్యాటీ ఆమ్లాల ఆక్సీకరణ, యూరియా చక్రం నోటికి రావాలి. ప్యూరిన్ తయారీలో నియంత్రణ ఎక్కడో తెలిస్తే సరిపోతుంది, నేను అంతే చదివాను.

సెకండ్_సెమ్:
మేడం, నిర్మాణాల గురించి మీరన్నది నచ్చింది. ఆ నాలుగూ చూడకుండా రాస్తాం. మిగతావాటికి మ్యాప్ ఇచ్చి, ఒక ఎంజైమ్‌ని ఆపితే ఏది పేరుకుపోతుంది, ఏది తగ్గుతుంది అని అడగొచ్చు కదా?

గుంటూరు_లెక్చరర్:
అడగొచ్చు, నాకూ ఇష్టమే. అలాంటి జవాబు దిద్దడానికి ఒక్కో పేపర్‌కీ చాలా సమయం పడుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకి కట్టలు ముందుంటాయి, కీలో లేని సరైన జవాబుకి సున్నా పడే ప్రమాదమూ ఉంది. అందుకే సెమిస్టర్ పరీక్షలో వద్దంటాను. ఇంటర్నల్స్ మా చేతిలోనే ఉంటాయి, అక్కడ మొదలుపెట్టమని మీ సార్‌ని అడగండి.

పీహెచ్‌డీ_హైదరాబాద్:
ఇంటర్నల్స్‌తో ఆగితే పిల్లలు సెమిస్టర్ కోసం మళ్లీ బట్టీయే పడతారు మేడం. కీ తయారుచేసేవాళ్లే రెండు మూడు సరైన జవాబులు ముందే రాసి ఇవ్వాలి. ఆ పని యూనివర్సిటీది.